కోరికల సంత

పిల్లలూ!

సంక్రాంతికి మీలో చాలామంది బొమ్మల కొలువు పెట్టి ఉంటారు. కొండపల్లి ఏనుగు, ఏటికొప్పాక లక్కపిడతలు, మట్టితో చేసిన శెట్టిగారి దుకాణం, అన్నీ మెట్ల మీద వరసగా అమర్చి ఉంటారు. ఆ లక్కపిడతల్లో అన్నం వండినట్టూ వడ్డించినట్టూ ఆడుకుని ఉంటారు. తినేవాళ్ళు కూడా "ఆహా, ఏం రుచి!" అని మెచ్చుకుని ఉంటారు. దానిని ఎవరూ అబద్ధం అనరు. ఆట అంటారు.

సంక్రాంతి వెళ్ళిన పది రోజులకు, భూగోళానికి అవతలి వైపున ఒక పెద్ద సంత జరుగుతుంది. అక్కడ దొరికేవన్నీ ఇటువంటి చిట్టి వస్తువులే. వాటిని ఎగబడి కొనేది మాత్రం పిల్లలు కాదు, పెద్దవాళ్ళు! 2024 జనవరిలో నేను మా మనవరాలు బుజ్జితోనూ, మనవడు చిట్టితోనూ కలిసి ఆ సంతకు వెళ్ళాను. ఈ నెల ఆ కబురు చెబుతాను.

ముందు అట్లాసు తెరవండి. మా ఊరు విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరాన పదహారున్నర డిగ్రీల దగ్గర ఉన్నది. ఇప్పుడు దక్షిణ అమెరికాకు వెళ్ళి, భూమధ్యరేఖకు దక్షిణాన సరిగ్గా అన్ని డిగ్రీల దగ్గర వెతకండి. ఆండీస్ పర్వతాల మధ్య బొలీవియా దేశమూ, అందులో లాపాస్ నగరమూ కనబడతాయి. ఆ దేశపు ప్రభుత్వం ఉండేది ఆ నగరంలోనే. మా అల్లుడికి అక్కడ ఉద్యోగం దొరికి, నేను వెళ్ళడానికి మూడు నెలల ముందే అందరూ అక్కడికి కాపురం మార్చారు.

విజయవాడా లాపాసూ భూమధ్యరేఖకు సమాన దూరంలో ఉన్నాయి గదా, అయితే లాపాస్‌లో కూడా ఎండ మండిపోవాలి. పైగా వాళ్ళకు జనవరి వేసవి. కాని మేము స్వెట్టర్లు లేకుండా గడప దాటలేదు. ఎందువల్ల?

ఎత్తు వల్ల. లాపాస్ సముద్రమట్టానికి సుమారు 3,600 మీటర్ల ఎత్తున ఉన్నది. పైకి పోయినకొద్దీ, ప్రతి కిలోమీటరుకూ సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. 3.6ను 6.5తో హెచ్చవేయండి. 23 డిగ్రీలకు పైగా వస్తుంది. విజయవాడ ఎండలో నుంచి 23 డిగ్రీలు తీసివేస్తే మిగిలేది మా స్వెట్టరు!

అంత ఎత్తున గాలి కూడా పలచన. ఒక్కొక్క ఊపిరికీ మనకు ఇక్కడ అందే ప్రాణవాయువులో మూడింట రెండు వంతులే అక్కడ అందుతుంది. ఈ సంగతి నేను ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పాను. అయినా వెళ్ళిన రెండో రోజున, మనవల ముందు గొప్పకు పోయి, వీధిమెట్లు గబగబా ఎక్కాను. పదిహేనో మెట్టు మీద గుండె దడదడలాడింది, కళ్ళు తిరిగాయి. అక్కడే కూలబడ్డాను.

"తాతయ్యా, ఇక్కడ నెమ్మదిగా నడవాలని మాకు చెప్పింది నువ్వే గదా!" అన్నది బుజ్జి.

పుస్తకంలో చదివిన పాఠం ఒంటికి పట్టాలంటే కొన్నిసార్లు మెట్ల మీద కూలబడాలి. నాలుగు రోజుల తరవాత శరీరం కాస్త అలవాటు పడింది.

ఇక సంత మాట. దాని పేరు అలాసితా. అక్కడి ఐమారా భాషలో ఆ మాటకు "నన్ను కొనుక్కో" అని అర్థం చెబుతారు. ఏటేటా జనవరి 24వ తేదీన మధ్యాహ్నం పన్నెండు గంటలకు సంత మొదలై, కొన్ని వారాలపాటు సాగుతుంది. అక్కడి నమ్మకం ఇది: రాబోయే ఏడాదిలో నీకు ఏది కావాలో దాని చిట్టి రూపాన్ని ఆ రోజు సరిగ్గా పన్నెండు గంటలకు కొను. పూజ చేయించి ఇంట్లో భద్రంగా పెట్టుకో. ఏడాది తిరిగేలోగా అసలుది నీకు దక్కుతుంది.

ఆ ఉదయం బయలుదేరే ముందు నేను పిల్లలకు చెరి ఇరవై బొలీవియానోలు ఇచ్చాను. ఆ దేశపు డబ్బుకు అదే పేరు. "ఒక్కొక్కరు ఒక్క కోరికే కొనాలి. బాగా ఆలోచించుకోండి," అని నియమం పెట్టాను.

బుజ్జి అప్పటికే పెదవులు కదుపుతూ లెక్కలు వేసుకుంటున్నది. చిట్టి మాత్రం ఉలకలేదు, పలకలేదు. వాడికి ఎనిమిదేళ్ళు. వచ్చే నెలలో, అంటే ఫిబ్రవరిలో, అక్కడి బళ్ళు తెరుస్తారు. వాడు కొత్త బడికి పోవాలి. అక్కడ అందరూ మాట్లాడేది స్పానిష్. వాడికి ఒక్క ముక్క రాదు. మూడు నెలలుగా ఇంటి ముందు పిల్లలు బంతి ఆడుతుంటే కిటికీలో నుంచి చూడటమే గాని, వాడు గుమ్మం దిగలేదు. రోజూ రాత్రి టెలిఫోనులో వాళ్ళ అమ్మమ్మతో, "నేను వచ్చేస్తాను, తాతయ్యతో వచ్చేస్తాను," అంటూ ఉండేవాడు.

మేము తీగమార్గం మీద వెళ్ళాము. లాపాస్ పెద్ద గిన్నె వంటి లోయలో ఉన్నది. గిన్నె అంచున ఎల్ ఆల్టో అనే మరో నగరం ఉన్నది. కిందికీ పైకీ జనాన్ని చేరవేయడానికి 2014లో తీగల మీద నడిచే పెట్టెలు పెట్టారు. మన ఊళ్ళో సిటీ బస్సు ఎక్కినట్టు అక్కడివాళ్ళు ఆకాశంలో పెట్టె ఎక్కుతారు! దూరాన ఇల్లిమాని అనే మంచుకొండ. కాళ్ళ కింద వేలకొద్దీ ఇటుక ఇళ్ళు. ఇళ్ళ మధ్య చీమల బారుల్లాగా జనం. ఆ బారులన్నీ సంత వైపే పోతున్నాయి.

పదకొండున్నరకు సంతలో అడుగుపెట్టాము. ఏమని చెప్పను! దారికి అటూ ఇటూ దుకాణాలు. అగ్గిపెట్టెంత ఇళ్ళు, వాటికి కిటికీలూ పూలకుండీలూ. బొటనవేలంత లారీలు. కుట్టుమిషన్లు, సుత్తీ రంపమూ ఉన్న వడ్రంగి పెట్టెలు. తపాలా బిళ్ళంత కరెన్సీ నోట్లు కట్టలు కట్టలు. చదువుకునేవాళ్ళకు పట్టాలు. పెళ్ళి కావలసిన ఆడపిల్లలకు చిన్న కోడిపుంజు, మగపిల్లలకు కోడిపెట్ట! పత్రికలవాళ్ళు కూడా ఆ రోజుకు అరచేతిలో పట్టే చిట్టి పత్రికలు అచ్చు వేస్తారు. వాటి నిండా హాస్యమూ, వేళాకోళమూ.

ఒక చోట బియ్యం, పంచదార, పిండి మూటలు వేలెడంత ఎత్తున నిలబెట్టి ఉన్నాయి. లోపల నిజమైన బియ్యమే, నిజమైన పంచదారే. నాలోని మాస్టారు ఊరుకుంటాడా?

"బుజ్జీ, యాభై కిలోల బియ్యం బస్తాను పొడవూ, వెడల్పూ, ఎత్తూ అన్నిటిలోనూ పదో వంతుకు తగ్గిస్తే ఎంత బియ్యం పడుతుంది?"

"అయిదు కిలోలు," అన్నది బుజ్జి వెంటనే.

"ఆలోచించు. మూడు వైపులా తగ్గించాము."

ఒక్క క్షణం వేళ్ళు మడిచి, "పది పదులు వంద, వంద పదులు వెయ్యి. వెయ్యో వంతు! యాభై గ్రాములు!" అని గంతేసింది. పిల్లలూ, మీరు కూడా ఒకసారి లెక్క కట్టి చూడండి. పెద్ద కోరిక అరచేతిలోకి ఎట్లా వస్తుందో తెలుస్తుంది.

దుకాణాలన్నిటిలోనూ ఒక బొమ్మ కనబడుతున్నది. పొట్టివాడు, బొజ్జవాడు, మీసాలవాడు. చేతులు చాచి, నోరు తెరిచి నవ్వుతున్నాడు. వాడి ఒంటి నిండా మూటలూ, డబ్బూ, పాత్రలూ వేలాడుతున్నాయి. అతని పేరు ఎకేకో. సమృద్ధినిచ్చే దేవుడు. మన వినాయకుడి బొజ్జ చూసి నవ్వే పిల్లలకు ఎకేకోను చూస్తే కూడా నవ్వు వస్తుంది.

ఎకేకోను గురించి లాపాస్‌లో ఒక కథ చెబుతారు. 1781లో స్పానిష్ పాలన మీద ఐమారా ప్రజలు తిరగబడ్డారు. టూపాక్ కటారి అనే నాయకుడి సేనలు లాపాస్‌ను నెలల తరబడి ముట్టడించాయి. నగరంలో తిండి లేక జనం అలమటించారు. అప్పుడు ఒక పెద్దింట్లో ఒక ఐమారా పనిపిల్ల ఉన్నదట. ఆమెను ప్రేమించిన యువకుడు ముట్టడి సేనలో ఉన్నాడట. అతను ఆమెకు ఒక ఎకేకో బొమ్మ ఇచ్చి, రహస్యంగా తిండి మూటలు తెచ్చి ఇచ్చేవాడట. ఆ పిల్ల తను తిని ఊరుకోక, తన యజమానురాలికి కూడా పెట్టి బతికించిందట. ఇది జనం చెప్పుకునే కథ. ముట్టడి మాత్రం చరిత్ర. ఆ ముట్టడి తరవాత గవర్నరు సెగురోలా, లాపాస్ మేరీమాత పండుగ అయిన జనవరి 24న ఈ సంత జరిగే ఏర్పాటు చేశాడని చెబుతారు. అందుకే ఈనాటికీ జనం తమ చిట్టి వస్తువులను చర్చికి తీసుకుపోయి దీవెన పొందుతారు, ఐమారా పూజారి చేత పూజా చేయిస్తారు. ఆ పూజారిని యతిరి అంటారు. యతిరి అంటే "తెలిసినవాడు".

ఎకేకోకు మూలపురుషుడని చెప్పే ఒక పాత రాతిబొమ్మ కూడా ఉన్నది. 1858లో చూడి అనే స్విట్జర్లండు యాత్రికుడు తివానాకు అనే చోట దానిని ఒక మద్యం సీసాకు మారుగా తీసుకుని తన దేశానికి పట్టుకుపోయాడు. ఆ జానెడైనా లేని బొమ్మ బెర్న్ నగరపు ప్రదర్శనశాలలో ఉండి ఉండి, 2014లో తిరిగి బొలీవియా చేరింది. మూడేళ్ళకు, 2017లో, యునెస్కో సంస్థ అలాసితా సంబరాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వాల పట్టికలో చేర్చింది.

పన్నెండు కావస్తున్నది. జనం చేతుల్లో బుట్టలు, ముఖాల్లో తొందర. మా అమ్మాయి గడియారం చూసి, "ఇంకా అయిదు నిమిషాలే!" అన్నది.

ఒక ముసలమ్మ దుకాణం ముందు ఆగాము. ఆమె కుచ్చుల పావడా కట్టి, శాలువా కప్పి, తల మీద గుండ్రని నల్లటోపీ పెట్టుకున్నది. బుజ్జి చప్పున ఒక చిట్టి పట్టా తీసుకున్నది. డాక్టరు పట్టా! పేరు రాసుకోవడానికి ఖాళీ కూడా ఉన్నది.

"పరీక్ష రాయకుండానే పట్టానా?" అన్నాను నేను. మా అమ్మాయి ఆ మాటను స్పానిష్‌లో ముసలమ్మకు చెప్పింది. ఆమె పకపక నవ్వి ఏదో అన్నది.

"ఏమంటున్నది?"

"'తాతగారిని కంగారు పడవద్దని చెప్పు. పట్టా నేను ఇస్తాను, చదవడం పిల్లే చదవాలి,' అంటున్నది నాన్నా."

ముప్ఫై ఏళ్ళలో ఇంత బాగా నేను చెప్పలేకపోయాను సుమా!

ఇంతలో చిట్టి ఒక వస్తువును పట్టుకుని నిలబడ్డాడు. అగ్గిపెట్టెంత ప్రయాణపు పెట్టె. తెరిస్తే లోపల గోరంత పాస్‌పోర్టు, విమానం టిక్కెట్టు, నాలుగు నోట్లు. వాడు నా వంక చూడలేదు, వాళ్ళ అమ్మ వంక చూడలేదు. మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. నాకు కూడా ఏమనాలో తోచలేదు. ఒక్క కోరిక కొనుక్కోమన్నది నేనే. అది ఫలానా కోరికే కావాలని నేను చెప్పలేదు గదా! "కొనుక్కో," అన్నాను.

గంటలు మోగాయి. పన్నెండు! చుట్టూ ఒక్కసారిగా కోలాహలం. ఆ క్షణాన విజయవాడలో రాత్రి తొమ్మిదిన్నర. వాళ్ళ అమ్మమ్మ తలుపులు వేసి పడుకునే వేళ.

చిట్టి డబ్బు చాచాడు. పక్కన ఒక కుర్రవాడు, వీడి ఈడువాడే, తన బేరం ముగించి, "యాపా, కాసెరీతా!" అని చెయ్యి చాచాడు. ముసలమ్మ వాడి చేతిలో ఒక చిట్టి మూట అదనంగా పెట్టింది. చిట్టి కళ్ళు పెద్దవయ్యాయి.

"అమ్మా, యాపా అంటే ఏమిటి?"

"కొసరురా. మన బజారులో కూరలు కొన్నాక అమ్మమ్మ 'కొసరు వెయ్యి' అనదూ, అదే. కాసెరీతా అంటే ఎప్పుడూ మన దగ్గర కొనే, మనకు అమ్మే మనిషిని ప్రేమగా పిలిచే పిలుపు."

చిట్టి కాసేపు ఆ మాటను నోట్లో నానబెట్టుకున్నాడు. తరవాత, మేమెవరమూ చెప్పకుండానే, చెయ్యి చాచి, "యాపా, కాసెరీతా," అన్నాడు. గొంతు పీలగా వచ్చింది. కాని వచ్చింది.

ముసలమ్మ ఆనందం చూడాలి! "ఆయ్!" అని బుగ్గలు నొక్కుకుని, వాడి అరచేతిలో గోరంత రొట్టె ఒకటి పెట్టింది. పక్క కుర్రవాడు వీడి భుజం తట్టాడు. ఆ దేశంలో వాడు సొంతంగా పలికిన మొదటి మాట అది. అది కూడా వాళ్ళ అమ్మమ్మ మాటే. మాట వేరు, అంతే.

తరవాత ఒక యతిరి దగ్గరికి వెళ్ళాము. ఆయన నిప్పుల మీద సాంబ్రాణి వంటి ధూపం వేసి, ఆ పొగలో పట్టానూ పెట్టెనూ తిప్పి, పూరేకులూ సారా చుక్కలూ చల్లి, ఏదో చదివాడు.

"తాతయ్యా, ఇదంతా నిజమేనా?" అని బుజ్జి నా చెవిలో అడిగింది.

పిల్లలు అడిగిన ప్రశ్నకు అబద్ధం చెప్పకూడదు. "కాగితపు పట్టా డాక్టరును చేయలేదు. కాని మన కొండ గుళ్ళ దారిలో జనం రాళ్ళ మీద రాళ్ళు పేర్చి చిన్న ఇల్లు కట్టడం చూశావు గదా? ఇల్లు కావాలని మొక్కుకుని కడతారు. ఆ రాళ్ళు ఇల్లు కావు. అయితే నాకు కావలసింది ఇది అని వాళ్ళకు ఆ రోజు తేటగా తెలుస్తుంది. ఏం కావాలో తెలియనివాడు దేనికోసం పాటుపడతాడు?" అన్నాను.

బుజ్జి తల ఊపింది. ఇంటికి వెళ్ళాక పట్టా మీద తన పేరు పెన్సిలుతో రాసుకున్నది. "చదివాక సిరాతో దిద్దుతాను," అన్నది.

ఆకలి వేసి తిండి దుకాణాల వైపు పోయాము. పెద్ద గింజల మొక్కజొన్న కంకి, ఉడికించిన బంగాళాదుంపలు, చిక్కుడు జాతి గింజలు, వేయించిన చీజ్ పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. తాగడానికి ఊదారంగు మొక్కజొన్నతో కాచిన వేడి వేడి పానీయం. దాని పేరు ఆపి. అంత ఎత్తున నీళ్ళు 100 డిగ్రీలకు కాక సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి. అందుకని పప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది. మా అమ్మాయికి ప్రెషర్ కుక్కరు లేకపోతే రోజు గడవదు. ఇంకో సంగతి. మన ఇంట్లో వేపుడు చేసే బంగాళాదుంప మొదట సాగైంది ఆండీస్ కొండల్లోనే. రాయలసీమ చేలల్లో పండే వేరుశనగకు పుట్టిల్లు కూడా బొలీవియా దక్షిణ ప్రాంతమూ, దాని పక్కనున్న అర్జెంటీనా ఉత్తర ప్రాంతమూనే. ఈ మాట చెప్పగానే చిట్టి, "అయితే మన పల్లీలు కూడా ఇక్కడి నుంచి వెళ్ళి అక్కడ ఉండిపోయాయా?" అని అడిగాడు.

"ఉండిపోవడమే కాదు, వేళ్ళు పాతుకున్నాయి," అన్నాను. వాడు మరేమీ అనలేదు.

భోజనం అయ్యాక, కడ్డీలు తిప్పి ఆడే బల్ల ఫుట్‌బాలు దగ్గర ఇందాకటి కుర్రవాడు కనబడ్డాడు. చెయ్యి ఊపాడు. చిట్టి వాళ్ళ అమ్మ కొంగు వదిలి వెళ్ళాడు. ఆ ఆటకు భాష అక్కర్లేదు. అరగంటకు గాని తిరిగి రాలేదు.

"తాతయ్యా, నువ్వేమీ కొనలేదేం?" అని దారిలో బుజ్జి అడిగింది. నిజమే! పిల్లలకు నియమం పెట్టిన నేను ఖాళీ చేతులతో తిరిగి వచ్చాను. అరవై దాటినవాడికి కోరికలేమిటి అనుకున్నాను కాబోలు.

ఫిబ్రవరిలో నేను తిరుగు ప్రయాణమయ్యాను. చిట్టి నాతో వస్తానని పేచీ పెడతాడని అందరమూ భయపడుతున్నాము. విమానాశ్రయంలో వాడు నా కోటు జేబులో ఏదో పెట్టాడు. చూస్తే, ఆ చిట్టి పెట్టె!

"ఇది నీ కోరిక గదరా?"

"ఎవరైనా ఇస్తేనే బాగా ఫలిస్తుందట. అమ్మ చెప్పింది. అమ్మమ్మకు ఇవ్వు. అమ్మమ్మనే ఇక్కడికి రమ్మను." కాసేపు ఆగి, "రొట్టె నా దగ్గరే ఉన్నది. అది నేనే అడిగి తెచ్చుకున్నాను," అన్నాడు.

వాడి కళ్ళల్లో నీళ్ళు లేకపోలేదు. బడిలో మొదటి వారం ఏడ్చాడని తరవాత తెలిసింది. రెండో వారం కాస్త తక్కువ ఏడ్చాడట.

మా ఆవిడకు మోకాళ్ళ నొప్పి. అంత ఎత్తుకు రాలేనని నాతో రావడానికి ఒప్పుకోలేదు. నేను ఆ పెట్టెను ఆమె చేతిలో పెట్టి జరిగినదంతా చెప్పాను. ఆమె పాస్‌పోర్టును గోటితో తీసి చూసి, మళ్ళీ లోపల పెట్టి, దేవుడి గూట్లో ఉంచింది. మర్నాడు ఉదయం అయిదు గంటలకు నన్ను లేపి, "డాక్టరు గారు రోజూ నడవమన్నారుగా, పదండి," అన్నది. మొదటి రోజు వీధి చివరిదాకా నడిచింది. మూడు నెలలకు కృష్ణ ఒడ్డుదాకా నడిచింది. అంత ఎత్తుకు వెళ్ళవచ్చునో లేదో డాక్టరు పరీక్ష చేసి చెప్పాలి. ఆ మాట ఆయన చెప్పేదాకా పెట్టె గూట్లోనే ఉంటుంది, నడక ఆగదు.

నా కోరిక ఏమిటో కూడా నాకు ఇప్పుడు తెలిసింది. మా ఇద్దరికీ ఒకటే పెట్టె చాలు.

పిల్లలూ, ఈ నెల మీకు ఒక పని. మట్టితోనో, అట్టముక్కతోనో మీకు కావలసినది ఒక్కటే, అరచేతిలో పట్టేంత చిన్నదిగా చేయండి. అసలు వస్తువులో అది ఎన్నో వంతో కొలిచి, లెక్క కట్టండి. దాని కింద ఒక కాగితం ముక్క మీద, దాని కోసం రేపు ఉదయం మీరు చేసే మొదటి పని ఏమిటో రాయండి. అమ్మానాన్నలను కూడా ఒకటి చేయమనండి. పెద్దవాళ్ళు మొదట నవ్వుతారు. తరవాత చాలాసేపు ఆలోచిస్తారు. వాళ్ళు ఏం చేశారో చూడండి. బహుశా మీకు అంతవరకూ తెలియని సంగతి ఒకటి తెలుస్తుంది.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాము.